ఇంట్లో ఎవరికీ రాని భాష

స్వర్ణలతకు ఇటలీ రావడం ఇష్టం లేదని ఆమె ఇంటి నుంచే ఎవరో ఫోన్‌లో చెప్పారు, అదీ ఇటాలియన్‌లో చెప్పారు.

ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ సంగతిని స్వర్ణలత మూడుసార్లు చదివింది. ఇటలీలోని వృద్ధాశ్రమం నుంచి రెండు మెయిళ్లు వచ్చి ఉన్నాయి. మొదటిది పన్నెండు రోజుల నాటిది. 'మీ మొబైల్ పలకకపోతే నిన్న ఇంటి నంబరుకు చేశాం. మీకు రావడం ఇష్టం లేదని మీ ఇంట్లోవారు మా భాషలోనే స్పష్టంగా చెప్పారు. అది నిజం కాకపోతే వారం లోపల రాయండి.' రెండోది నిన్నటిది. 'మీ నుంచి జవాబు రాలేదు. మీ స్థానంలో నర్సుగా తారామణిని తీసుకున్నాం.'

ఆ పన్నెండు రోజుల్లో తెలంగాణ బంద్‌ల వల్ల సెంటర్ తెరిచిందే తక్కువ. తెరిచిన రోజుల్లో ఆమెకు ఆస్పత్రిలో డబుల్ డ్యూటీ పడింది. వచ్చే నెల పదకొండుకు ముప్పై ఏళ్లు నిండుతాయి. ఆ తరువాత ఆమె దరఖాస్తును ఎవరూ చూడరు. ఇక ఇంతే.

బయట ఎండ ఫెళ్లుమని కాస్తోంది. నాచారం వైపు ఆటో ఎక్కిందన్న మాటే గాని, ఇల్లు చేరేదాకా ఆమె బుర్రలో ఒకటే ప్రశ్న. ఇంట్లో ఇటాలియన్ ఎవరికి వచ్చు?

తనకు తప్ప ఎవరికీ రాదు. తనకైనా ఊరికే రాలేదు. కోస్తా మనిషి చిదంబరం మాస్టారు ముప్పై ఏళ్లు ఇటలీ ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి నాచారంలో స్థిరపడ్డాడు. వరండాలో నలుగురు నర్సులకు ఇటాలియన్ చెబుతాడు. "రూలు ప్రకారం నడిచే క్రియలను నమ్మొచ్చు. ఈ వెళ్లడం, రావడం, కావాలనుకోవడం ఉన్నాయే, ఇవి మాత్రం దారిన పోవు. ఎక్కాల్లాగా గొంతెత్తి వల్లించాలమ్మాయ్, వేరే మార్గం లేదు," అన్నాడు మొదటి రోజే.

మూడేళ్లు వల్లించింది. పొద్దున్నే అయిదున్నరకు ముందు గదిలో కిటికీ దగ్గర నిలబడి, వాదో, వాయ్, వా, అందియామో, అందాతె, వాన్నో. నేను వెళ్తాను నుంచి వాళ్లు వెళ్తారు దాకా. తరువాత వెళ్లాను, వెళ్లేదాన్ని, వెళ్దును, వెళ్లాలని. ఆ తరువాత ప్రతిదానికీ ముందు 'నోన్' తగిలించి, వెళ్లను, వెళ్లలేదు, వెళ్లరు.

తల్లి వెంకటనర్సమ్మ వాకిలి ఊడుస్తూ నవ్వేది. "పొద్దుగాల్నే గా వెర్రో వెర్రో ఏందే? నీకు వెర్రి వట్టిందనుకుంటున్రు పక్కింటోళ్లు."

"వెర్రో అంటే వస్తా అని అమ్మా."

"వస్తా వస్తా అనుకుంట పోయేటందుకు సదువుతున్నవ్."

సరిగ్గా ఆ వేళకే తండ్రి మొగిలయ్య డ్యూటీ నుంచి వచ్చేవాడు. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో, ఇనుప రేకులు వత్తే ప్రెస్‌ల మోతలో పనిచేస్తే ఎడమ చెవి పోయింది. తరువాత ఫ్యాక్టరీయే పోయింది. ఇప్పుడు తాళం వేసిన అదే ఫ్యాక్టరీ గేటుకు రాత్రి వాచ్‌మన్. ఇంటికి రాగానే లోపలికి వచ్చేవాడు కాదు. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, గోడకు తల ఆనించి, కూతురి చదువు అయ్యేదాకా మెట్ల మీదే కూర్చునేవాడు. నిద్ర ఆగక అక్కడే కునుకు తీస్తాడని ఇంట్లోవాళ్ల నమ్మకం.

స్వర్ణలత ఇంట్లోకి వచ్చేసరికి వెంకటనర్సమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొగిలయ్య మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, పోయిన వారం కాదు, ముందటి వారం. మంగళవారం, బంద్ దినం. ఇంటికి ఫోనచ్చిందా?"

"నాకేమెరుక? నేను గల్లీల హన్మయ్య మనుమరాలి తొట్టెల ఫంక్షన్‌కు పోయిన. ఏందే, మొకం గట్లున్నది?"

"బాపూ! ఫోన్ మోగిందా ఆ రోజు?" కూతురు గట్టిగా అడిగింది.

మొగిలయ్య కుడి చెవి ఇటు తిప్పాడు. "నేను పండుకున్న బిడ్డా," అన్నాడు.

"ఇంట్లకు ఎవ్వరన్న అచ్చిన్రా?"

"మాస్టర్ అచ్చిండు కద," అంది వెంకటనర్సమ్మ. "నేనొచ్చేసరికి నీ నోట్‌బుక్ ఫోన్ కాడ ఉండె. దిద్ది ఇచ్చిపోయిండంట."

స్వర్ణలత ఫోన్ వైపు చూసింది. నోట్‌బుక్ ఫోన్ పక్కన పెట్టాడు. భాష వచ్చిన మనిషి ఆ గదిలోకి వచ్చింది ఆయనొక్కడే. చోటు దొరికింది తారామణికి, ఆయన ఇంకో శిష్యురాలికి, ఆయన ఊరి వైపు పిల్లకు.

పిలవకుండానే పదకొండింటికి చిదంబరం వచ్చాడు. చేతిలో గొడుగు, చొక్కా అంతా చెమట.

"విన్నానమ్మాయ్. తారామణి వచ్చి ఏడ్చింది, అక్క చోటు నాకెందుకు ఇచ్చారని. ఆశ్రమం వాళ్లకు ఫోన్ చేసి నిన్న సాయంత్రమే మాట్లాడాను. సంతకాలు అయిపోయాయట. ఇంక నేను చెయ్యగలిగింది లేదు."

"ఫోన్‌ల ఎవరు మాట్లాడిన్రంట సార్?"

"మగ గొంతట. వయసు మళ్లిన గొంతు. రెండుసార్లు గట్టిగా చెప్పించుకున్నాడట. అయితే క్రియ దగ్గర మాత్రం తడబడలేదట. 'ఆవిడకు రావడం ఇష్టం లేదు' అని శుభ్రంగా అన్నాడట. అదే నాకూ అర్థం కావడం లేదు."

"మీకు అర్థం కావట్లేదా?" అంది స్వర్ణలత. "వయసు మళ్లిన మగమనిషి, ఇటాలియన్ తప్పు లేకుంట మాట్లాడెటోడు, ఆ రోజు మా ఇంటికి అచ్చినోడు. నాచారంల గట్లాంటోళ్లు ఎంతమంది ఉన్నరు సార్?"

చిదంబరం గొడుగు కిందికి జారింది. "నేనా? నేనెందుకు చేస్తానమ్మా?"

"తారామణి కోసం."

"ఇంకెవ్వరి కోసం జేస్తవయ్యా?" వెంకటనర్సమ్మ లేచింది. ఒడిలోని చిక్కుడుకాయలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "నీ దిక్కు పిల్ల అది. మా పిల్లతోని మూడేండ్లు గొంతు చించుకునేటట్టు జేసి, నోటికాడి బువ్వ మీ పిల్లకు వెట్టినవ్. మీ ఆంధ్రోళ్ల బుద్ధి ఊకెనే అంటరా?"

"అమ్మా, ఆ మాట వద్దు," అన్నాడు చిదంబరం నెమ్మదిగా. "ఆ రోజు వాకిలి కూడా దాటలేదు నేను. గుమ్మంలోనే నోట్‌బుక్ చేతికిచ్చి..."

ఆగాడు. ఎవరి చేతికిచ్చాడో ఆ చెయ్యి ఎదురుగా మంచం పట్టీని బిగించి పట్టుకుని ఉంది. చిదంబరం మొగిలయ్యను చూశాడు. మొగిలయ్య తల దించుకున్నాడు. మాస్టారు ముఖంలో రంగు మారింది.

"ఎవని చేతికిచ్చినవ్? చెప్పరాదు?" వెంకటనర్సమ్మ అరిచింది.

"ఎవరి చేతికైతే ఏముందమ్మా. నేనే అనుకోండి," అంటూ ఆయన వంగి గొడుగు తీసుకున్నాడు. "వెళ్లొస్తాను."

"వెళ్లిరాకండి సార్. మళ్ల ఈ గడప తొక్కకండి," అంది స్వర్ణలత.

డెబ్బై ఏళ్ల మనిషి గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నాడు. కళ్లు కనబడక కాదు, నీళ్లు అడ్డం వచ్చి. మొగిలయ్య మంచం మీద నుంచి లేచాడు. అడుగులు తడబడుతూ వెళ్లి మాస్టారు చెప్పులను తన చేత్తో ఆయన కాళ్ల ముందు పెట్టి, అక్కడే కూలబడ్డాడు.

"సార్‌ను ఏమనకున్రి. ఫోన్ ఎత్తింది నేను."

వెంకటనర్సమ్మ చెయ్యి నోటికి పోయింది. స్వర్ణలత తండ్రి ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. ఆమెకు అప్పటికీ నమ్మకం చిక్కలేదు. నమ్మబుద్ధి కూడా కాలేదు. దారి ఒకటి ఇంకా మిగిలి ఉందేమో అని వెతికింది.

"బాపూ, నీకు సగం ఇనవడదు. గా భాష నీకు రాదు. వాళ్లు ఏదో అడిగిన్రు, నువ్వు ఊకె ఏదో నోటికచ్చింది అన్నవ్, వాళ్లు ఇంకోతీరు అనుకున్నరు. అంతే కద? తెల్వక జరిగింది. అంతే అని చెప్పు. నేను ఏమనుకోను."

మొగిలయ్య తల ఎత్తాడు. నాలుగో తరగతిలో బడి మానేసిన ఆ మనిషి, కూతురి కళ్లలోకి చూస్తూ, ఎక్కం అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"వొల్యో, వువోయ్, వువోలె," అన్నాడు. "వొల్యామో, వొలేతె, వొల్యోనో."

చిదంబరం కళ్లు మూసుకున్నాడు. ఒక్క అక్షరం తప్పు లేదు.

"సాలా? ఇది కావాల్ననేది. వచ్చేది గూడ చెప్పాల్నా? వెంగో, వియేని, వియేనె. రేపు వచ్చేది వెర్రో, వెర్రాయ్, వెర్రా. మెట్ల మీద నేనేనాడు పండుకోలే బిడ్డా. నువ్వు లోపల సదువుతుంటె బయట నేను పెదవులు కదిలిచ్చిన. మూడేండ్లు. నీకన్న ముందుగాల నాకు వచ్చిన దినాలు గూడ ఉన్నయి. ఎవ్వరికి చెప్పలే. నవ్వుతరని.

"మా కంపెనీ సైరన్ బందైనంక నన్ను పిలిసే సప్పుడు ఇంకోటి లేకుండె. తెల్లారేదాక సప్పుడు లేని గేటు ముంగట కూసుంట. ఇంటికొచ్చి నీ గొంతు ఇంటె, నాకు డ్యూటీ ఎక్కినట్టుండేది. అది ఒక్కటే మిగిలింది నాకు. నువ్వు అన్ని ముక్కలు నేర్సుకుంటున్నకొద్ది నాకు దడ వుట్టింది. అన్ని అయిపోతె పోతవ్ కద.

"గా దినం నోట్‌బుక్ ఇచ్చి సార్ పోయిండు. ఆ ఎనుకనే ఫోన్ మోగింది. కుడి చెవికి వెట్టుకున్న. ఎవరో ఆడామె నీ పేరు చెప్పి, వస్తదా అని అడిగింది. సమజైంది బిడ్డా. గంత దూరం దేశపామె మాట నాకు సమజైంది. మస్తు సంబురమైంది. వెర్రా అంటె సాలు, వస్తది అని. నాలిక మీదికొచ్చింది. మింగిన. నోన్ వువోలె వెనీరె అన్న, వచ్చుడు ఇష్టం లేదని. ఆమె నమ్మక మళ్ల అడిగింది. మళ్ల గదే అన్న. ఫోన్ వెట్టేసి, నోట్‌బుక్ దాని పక్కన వెట్టి, పోయి పండుకున్న. ఇయ్యాల్టి దాక నిద్ర వట్టలే.

"తెల్వక అన్న అని ఇడిసిపెట్టకు నన్ను. ఒక్క ముక్క గూడ తప్పు పోలే. నువ్వు నేర్పినట్టే అన్న బిడ్డా."