పక్క సీటున్న క్లాసు

"పదమూడొందల సీసీ ఇంజనా? నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు షెడ్డులో మెకానిక్.

"పట్టింది. అందుకే నిన్ను భరిస్తున్నా," అంది రాకెట్, టైరు మీద కూర్చుని కాళ్లూపుతూ.

రాకెట్ అనేది రేసు ట్రాక్‌లో అందరూ ఆమెకి పెట్టిన పేరు. ఆమె నడుపుతుంటే చూసేవాళ్లకి గుండె నోట్లోకొచ్చేది. ఆమె, ఈ మెకానిక్కు కలిసి ఒక పాత కారు కొని, ఆదివారాలన్నీ దానికే ధారపోశారు. ఇక తేలాల్సినవి ఏ ఇంజన్, ఏ క్లాసు పోటీ అన్నవే. మెకానిక్ ఆమె కోసం పదహారొందల సీసీ ఇంజన్ చూసి పెట్టాడు. స్ప్రింట్ క్లాసు. కారులో ఒక్కరే ఉంటారు, ముందొచ్చినవాళ్లదే కప్పు.

ఆమేమో ఇప్పుడు చిన్న ఇంజన్, రెగ్యులారిటీ క్లాసు అంటోంది. అందులో వేగంతో పని లేదు. ప్రతి రౌండూ ఒకే టైములో తిరగాలి. పక్క సీట్లో ఇంకొకరు కూర్చోవచ్చు.

"అది రిటైరైన మావయ్యల క్లాసు!"

"మావయ్యలు మంచోళ్లు. బిస్కెట్లు పెడతారు."

"జోకులాపు. మొన్న అద్దె కారుతో ప్రాక్టీసులో ఎడమ వైపు కోన్లన్నీ పడగొట్టావని భయపడ్డావా?"

ఆమె కాళ్లు ఊపడం ఆపేసింది. "నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా."

అతనికి ఒళ్లు మండింది. "మోజు తీరిపోయిందని చెప్పు. కారు మీదా, నా మీదా?"

బయట వాన మొదలైంది. ఆమె లేచి, గుమ్మం వైపు నడుస్తూ ఎడమ పక్కనున్న జాకీకి తగిలి పడబోయింది. అతను గబుక్కున పట్టుకున్నాడు. ఎర్రటి జాకీ, మోకాలెత్తున ఉంది. పట్టపగలు.

"చూసుకోవా?"

"కనపడితే కదా," అంది మెల్లగా. "ఎడమ కన్ను పోయింది. కుడిది కూడా ఎక్కువ కాలం ఉండదన్నారు డాక్టరు. అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

అతను పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "నాక్కూడానా?"

"చెప్తే పాడైన ఇంజన్‌ని చూసినట్టు చూస్తావ్, ఎలా బాగుచేద్దామా అని. ఇది నీ చేతుల్లో లేదురా."

నిజంగానే అతను అలాగే చూస్తున్నాడు. సిగ్గుపడి తల దించుకున్నాడు.

"పెద్ద ఇంజన్ ఊరికే అరుస్తుంది. చిన్నది వింటే చాలు, ఎంత స్పీడో చెప్పేస్తా. ట్రాక్ నాకు కంఠతా వచ్చు. చూపున్నన్నాళ్లు చూస్తా, తర్వాత వింటా. ఇంట్లో కూర్చోమనకు, అంతే."

అతను ఆమెని తీసుకెళ్లి కారు పక్క సీట్లో కూర్చోబెట్టి, తను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బానెట్ కింద ఇంజనే లేదు. నోటితోనే మొదలుపెట్టాడు. "డుర్ర్ర్ర్..."

ఆమె ఫక్కున నవ్వి, కళ్లు రెండూ మూసుకుంది. "రెండో గేర్... ఇంకా... ఇప్పుడు మూడు."

శబ్దం మధ్యలో తెగిపోయింది.

"ఇంజన్ మిస్ కొడుతోంది," అంది కళ్లు తెరవకుండానే.

"పెట్రోల్లో నీళ్లు కలిసినట్టున్నాయి," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ. "నువ్వంటే నాకు ప్రాణమే."

"తెలుసు." ఆమె చెయ్యి తడుముకుంటూ గేర్ మీదున్న అతని చేతిని చేరింది. "ముందు రెండో గేర్‌కి దించు. మలుపు వచ్చేస్తోంది."