చుక్క తెచ్చిన నింద

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. ఆ ఉదయం చైతన్యపురిలో బస్సుల చప్పుడు లేదు. వేదవతి ఉప్మా తెచ్చిపెట్టి అరగంటైనా కొడుకు వంశీకృష్ణ ముట్టుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, లేస్తాడు, బాల్కనీలోకి వెళ్తాడు, మళ్లీ వచ్చి అదే తెర చూస్తాడు.

"ఏమైందిరా? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదమ్మా."

ఉంది. ఎల్బీనగర్‌లో ఒక నర్సింగ్ హోమ్ మందుల కౌంటర్‌కి బిల్లుల ప్రోగ్రాం రాసింది వంశీయే. ఆ కౌంటర్‌లో పదకొండేళ్లుగా కూర్చునేది అతనికి పిల్లనిచ్చిన మామ స్తెఫను. వారం లెక్కలో లక్షకు పైగా తేడా వచ్చిందని యజమాని వెంకటేశ్వరరావు మూడు రోజుల క్రితం ఆయన్ని అందరి ముందూ దొంగన్నాడు, ఇంటికి పంపేశాడు. బిల్లుల ఫైలు వంశీకే ఇచ్చి, "మామగారని మొహమాటపడకండి," అన్నాడు.

తప్పెక్కడుందో వంశీకి నిన్ననే దొరికింది. కౌంటర్‌లో కొత్తగా పెట్టిన కంప్యూటర్ జర్మనీ నుంచి వచ్చింది. అక్కడి పద్ధతిలో పైసలకు ముందు కామా పెడతారు, చుక్క వేలను విడదీయడానికి. వంశీ ప్రోగ్రాం ఏ కంప్యూటర్‌లో ఉంటే దాని పద్ధతినే పాటిస్తుంది. స్తెఫను 312.50 అని కొడితే రోగికిచ్చే బిల్లు సరిగ్గానే వచ్చింది కానీ, లోపలి లెక్కలో చుక్క ఎగిరిపోయి 31250 అని పడింది. పైసలున్న బిల్లులు వారం మొత్తంలో నాలుగే. అవే సరిపోయాయి.

అయినా వెంకటేశ్వరరావు ఫోన్ చేస్తే, "ఇంకా చూస్తున్నానండి," అన్నాడు వంశీ. ఆయన మాట మీద మరో ఆరు ఆసుపత్రులు ఈ ప్రోగ్రాం కొనబోతున్నాయి.

అంతలో భార్య జోస్నా ఫోన్ పెట్టేసి వచ్చింది.

"మా నాయిన మూడు దినాల సంది సక్కగ తింటలేడంట. నీకేం దొరికింది?"

"చూస్తున్నా."

"నిన్నటి సంది చూస్తనే ఉన్నవ్. నా మొకం జూసి చెప్పు."

అతను చూడలేకపోయాడు. "తప్పు మామయ్యగారిది కాదు, నాది," అని జరిగిందంతా చెప్పాడు.

ఆమె అరవలేదు. అందుకే అతనికి భయమేసింది.

"నిన్ననే తెల్సా?"

"ముందు సరిచేసి, నెమ్మదిగా చెబుదామని..."

"మా నాయిన సమ్మె టెంటుల కూసున్నడని ఆ సారుకు ముందే కోపం. దొరికిందే సందని దొంగన్నడు. నీ ఆర్డర్లు పోతయని నువ్వు ఊకున్నవ్. మా నాయిన నీకేమైతడు వంశీ?"

గుమ్మంలో నిలబడి విన్న వేదవతి అందుకుంది. "మీ పెళ్లికి మనవాళ్లు ఒక్కరూ రాకపోతే, నా పక్కన నిలబడింది అన్నయ్యగారే. లేరా. ఇంకో పూట కూడా ఆయన మీద ఆ నింద ఉండొద్దు."

కొత్తపేటలో సమ్మెవాళ్లు రోడ్డుకి అడ్డంగా వంటావార్పు చేస్తున్నారు. బండి ఓ పక్కన పెట్టి భార్యాభర్తలిద్దరూ నడిచారు.

స్తెఫను ఇంట్లో ట్రంకుపెట్టె ఖాళీ చేసి ఉంది. గదంతా బట్టలు. ఆయన నేల మీద కూర్చుని ఒక పాత చొక్కా జేబు తిరగేసి చూస్తున్నాడు.

"ఏం ఎతుకుతున్నవ్ నాయినా?"

జోస్నా తల్లి రాములమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మూడు దినాల సంది గిదే పని బిడ్డా."

"పైసలు నేనే తెచ్చి యాడన్న పెట్టి మర్సిపోయిన్నేమో అని," అన్నాడు స్తెఫను, తలెత్తకుండానే.

మామ కోపంగా ఉంటాడనుకున్నాడు వంశీ. తనను తానే అనుమానించుకుంటాడనుకోలేదు. పక్కన కూలబడ్డాడు.

"మీరేం మర్చిపోలేదు మామయ్యగారూ. ఒక్క పైసా పోలేదు. తప్పు నా ప్రోగ్రాందే. నిన్ననే తెలిసింది. చెప్పలేదు."

చొక్కా జారిపోయింది. "అంటే నా తలకాయ మంచిగనే ఉన్నదా?"

వంశీ తలూపి, అక్కడే వెంకటేశ్వరరావుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ ఆరు చోట్లా ఇక నేను మాటివ్వలేను వంశీ," అన్నాడాయన.

"ఇవ్వొద్దండి. ముందు మామయ్యగారితో మాట్లాడండి."

స్తెఫను ఫోన్ అందుకుని విన్నాడు. "రేపొస్త సారూ. దొంగని అందరి ముందట అన్నరు. కాదని గూడ అందరి ముందట్నే చెప్పుండ్రి."

ఫోన్ పెట్టేశాక, చిందరవందరగా ఉన్న బట్టల్ని వంశీ ఒక్కొక్కటే మడతపెట్టసాగాడు. చూపు మసకబారుతోంది. స్తెఫను జరిగి పక్కన కూర్చుని తనూ ఒక పంచె అందుకున్నాడు.

"ఇంకోపారి తప్పయితే ముందుగాల నాకు చెప్పు అల్లుడా. తిడ్త. గంతే గదా!"