చిన్న టర్బోనా, పెద్దదా?

విజేందర్ గురించి చెప్పాలంటే ముందు అతని కారు గురించి చెప్పాలి. అతను కూడా ఎవరికైనా ముందు దాని గురించే చెబుతాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు అది. సైలెన్సర్ మార్చాడు, చక్రాలు మార్చాడు. తొక్కినప్పుడల్లా బుస్సుమనాలని కంపెనీ ఇచ్చిన గాలి ఫిల్టర్ డబ్బా పీకేసి, డబ్బా లేని ఓపెన్ ఫిల్టర్ పెట్టించాడు. ఏడాది తిరక్కుండానే చప్పుడు పెరిగింది, పరుగు తగ్గింది.

నల్లగొండ బైపాస్ పక్కన శ్రవణ్ మెకానిక్ షెడ్డులో, ఆ కారు ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే టర్బో విప్పింది అఖిల. శ్రవణ్‌కు సొంత చెల్లెలు. తండ్రి గండయ్య ఇంకా మగ్గం మీదే ఉన్నా, పిల్లలిద్దరూ ఇంజన్ల పనిలో పడ్డారు. టర్బో రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి. అఖిల వాటిని వేలితో తడిమి, మీది ఏ ఊరని అడిగింది.

"మేళ్లచెరువు. సిమెంట్ ఫ్యాక్టరీల చేస్త."

"ఆరేసిన బట్టల మీద గూడ దుమ్ము పడే ఊర్లె ఉండి, ఓపెన్ ఫిల్టర్ పెట్టిండ్రా?"

అని నవ్వింది. అచ్చంగా ఎగతాళి నవ్వే. అయినా విజేందర్‌కు కోపం రాలేదు. రావాల్సిన చోట కోపం రాలేదంటే కుర్రాడి పని అయిపోయినట్టే.

కొత్త టర్బో వెయ్యక తప్పదంది అఖిల. చిన్నదైతే తొక్కగానే లాగుతుంది. పెద్దదైతే ఇంజన్ బాగా తిరిగేదాకా ఉలుకూ పలుకూ ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎత్తుకుపోతుంది. మిర్యాలగూడ మీదుగా బియ్యం లారీల మధ్య తిరిగేవాళ్లకు చిన్నదే మేలని కూడా చెప్పింది. ఇంత విడమరిచి చెప్పాక ఆలోచించడానికేముంది? విజేందర్ మాత్రం ఆలోచించుకొని వచ్చే ఆదివారం చెబుతానన్నాడు.

అరిగిన టర్బోనే మళ్లీ బిగించుకొని పోయాడు. తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే బయల్దేరి, దగ్గుతూ వచ్చే కారులో నల్లగొండ చేరి, పెద్దదే కావాలన్నాడు. ఆ పై ఆదివారం చిన్నదే నయమేమో అన్నాడు. ఇంకోసారి టర్బో సంగతే వదిలేసి ఇంజెక్టర్ల గురించి, ఇంటర్‌కూలర్ గురించి అడిగాడు. క్లచ్ తట్టుకుంటుందా అని కూడా అడిగాడు. అఖిల అన్నీ ఓపిగ్గా చెప్పింది. మధ్యలో టీ పోసింది. అతను చక్కెర తక్కువ వేసుకుంటాడని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

శ్రవణ్‌కే ఒళ్లు మండింది. ఈ నాన్చుడు మనిషి ఇవాళ తేల్చకపోతే ఇంకో షెడ్డు చూసుకోమని చెప్పెయ్యమన్నాడు. ఆ రోజు పొద్దున్నుంచీ వాన. రేకుల మీద చినుకులు పడుతుంటే, అఖిల ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పేసింది.

విజేందర్ లోలోపల లెక్కేసుకున్నాడు. ఏదో ఒకటి ఎంచుకుంటే, బిగించిన రోజుతో ఈ రాకపోకలు అయిపోతాయి. ఎంచుకోకపోతే ఇవాళ్టితోనే అయిపోతాయి.

"ఏదన్న ఒకటి చెప్పుండ్రి," అంది అఖిల.

"ఏది చెప్పినా వారంల బిగిస్తరు. తర్వాత నేనేం పని పెట్టుకొని రావాలె?"

వానలో ఆ మాట వినపడలేదని నటించవచ్చు. అఖిల నటించలేదు. చేతిలోని స్పానర్ కింద పెట్టింది.

"గీ మాట చెప్పనీకి నెల పట్టిందా?"

"నాకు మీరంటే ఇష్టం. కాదంటరేమోనని భయమై, గా టర్బోల పేరు మీద దినాలు ఎల్లదీసిన."

తమది మగ్గం ఇల్లని, వాళ్లది చర్చికి పోయే ఇల్లని గుర్తుచేసి, మీ ఇంట్లో ఎరుకేనా అని అడిగింది అఖిల.

"నాయినకు చెప్పిన. అడగంది అమ్మైనా పెట్టదు, పోయి అడుగు అన్నడు."

అఖిల కారు బానెట్ మూసింది. తన తండ్రి మొండి మనిషి కాదని, ఇంటి సంగతి బయటివాళ్ల నోట వినడమే ఆయనకు గిట్టదని చెప్పింది. తనకూ ఈ మధ్య ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉంటోందని, గొంతు తగ్గించి అదీ చెప్పింది.

అంతలో శ్రవణ్ తడిసిన తల తువాలుతో తుడుచుకుంటూ వచ్చి, తేలిందా అని అడిగాడు.

"చిన్నదే అన్నా. ఆర్డర్ పెట్టు," అంది అఖిల.

"బతికినం. వచ్చే ఆదివారం జర సుఖంగ ఉంటం."

"వచ్చే ఆదివారం ఈయన మనింటికొస్తడు. బాపుతోని మాట్లాడనీకి."

శ్రవణ్ చెల్లెలి ముఖం చూశాడు. తర్వాత విజేందర్ ముఖం చూశాడు. తుడుచుకోవడం ఆపి తువాలు భుజాన వేసుకున్నాడు.

"కోడికూరనా, మటనా ఇప్పుడే చెప్పు తమ్మీ. దానికి గూడ నెల తియ్యకు."

"మటన్," అన్నాడు విజేందర్ వెంటనే.