నీలం నీళ్ల వార్త

ఆ గురువారం మధ్యాహ్నం బడి వదలగానే తూనీగ లైబ్రరీకి పరుగెత్తింది. సంచి బల్ల మీద పడేసి, ఎర్ర స్కెచ్ పెన్ను తీసి, నిలబడే రాయడం మొదలుపెట్టింది.

తూనీగ ఆమె అసలు పేరు కాదు. ఒక్కచోట కుదురుగా కూర్చోదని నాన్న పెట్టిన ముద్దు పేరు. ఆరో తరగతికి వచ్చేసరికి టీచర్లు కూడా అలాగే పిలుస్తున్నారు.

లైబ్రరీ గుమ్మం పక్కన ‘మన వీధి వార్తలు’ అని ఒక పెద్ద బోర్డు ఉంది. ఎక్కడ మొక్కలు నాటారు, ఏ కుళాయి కారుతోంది, పాత పుస్తకాలు ఎవరికి కావాలి, ఇలాంటివన్నీ పిల్లలు వంతులవారీగా రాస్తారు. ఈ నెల వంతు తూనీగది. నియమం ఒక్కటే. రాసింది లైబ్రరీ మేడంకి చూపించాకే బోర్డు మీద పెట్టాలి.

ఆదివారం లైబ్రరీలో ‘పారేయొద్దు, బాగుచేద్దాం’ అనే కార్యక్రమం ఉంది. విరిగిన కుర్చీలు, ఆగిపోయిన ఫ్యాన్లు, చిరిగిన బట్టలు తెచ్చుకుంటే, పని తెలిసినవాళ్లు దగ్గరుండి బాగుచేయడం నేర్పిస్తారు. తూనీగ ఆ వార్త ఎప్పుడో రాసేసింది. కానీ అది అందరికీ తెలిసిన సంగతే. బోర్డు ముందు ఎవరూ ఆగడం లేదు.

ఈ రోజు మాత్రం ఆగుతారు. ఎందుకంటే, పొద్దున బడికి వెళ్తూ ఆమె కళ్లారా చూసింది. లాండ్రీ షాపు ముందున్న కాలువలో నీలం రంగు నీళ్లు. ఆ కాలువ వెళ్లి చెరువులో కలుస్తుంది.

పెద్ద అక్షరాలతో రాసింది. ‘కాలువలో నీలం నీళ్లు. ఇది లాండ్రీ పనే. మన చెరువు ఏమైపోవాలి?’

మేడం లేరు. ఆదివారానికి కుర్చీలు అడగడానికి వెళ్లారు. నాలుగింటికి గాని రారు. గడియారం రెండున్నర చూపిస్తోంది.

తూనీగ కూర్చుంది. లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చింది. మళ్లీ గడియారం చూసింది. రెండు ముప్పై అయిదు. ఇక ఆమె వల్ల కాలేదు. నాలుగు పిన్నులు తీసుకుని, కాగితాన్ని బోర్డు మధ్యలో గుచ్చేసింది.

మేడం ఆదివారం పనుల తొందరలో బోర్డు వైపు చూడనేలేదు. మర్నాడు సాయంత్రం దాని ముందు పదిమంది గుమిగూడి ఉన్నారు. ఒకాయన పైకి చదువుతున్నాడు. ఇంకొకావిడ ఫోన్‌తో ఫొటో తీస్తోంది. తూనీగకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి గెంతుకుంటూ వెళ్లింది.

నాన్న ప్లంబరు. అప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. ఆయన ముఖం ఎప్పటిలా లేదు.

“లాండ్రీ పిన్ని ఆదివారం రానందట” అన్నాడు.

“ఎందుకు? బట్టలు కుట్టడం నేర్పేది తనే కదా. బోలెడుమంది పేర్లిచ్చారు.”

“వీధంతా తనని దొంగను చూసినట్టు చూస్తుంటే ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? హాస్టల్ వాళ్లు ఉతకడానికిచ్చిన దుప్పట్లు కూడా వెనక్కి తీసుకెళ్లిపోయారు. వేరే చోట వేసుకుంటారట.”

“నేను అబద్ధం రాయలేదు నాన్నా. నా కళ్లతో చూశాను.”

“ఏం చూశావు?”

“నీలం నీళ్లు.”

“పోసినవాళ్లని చూశావా?”

తూనీగ తల అడ్డంగా ఊపింది.

“పోనీ, పిన్నిని అడిగావా?”

ఆ రాత్రి అన్నం సహించలేదు. పడుకుందే గాని, ఇటు దొర్లితే పిన్ని ముఖం, అటు దొర్లితే ఆ ఎర్ర అక్షరాలు.

శనివారం పొద్దున్నే నాన్న పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. “పద, చూద్దాం” అన్నాడు.

లాండ్రీలో పిన్ని ఒక్కతే ఉంది. ఎప్పుడూ మూటలతో నిండి ఉండే అరల్లో సగం ఖాళీ. ఆమె ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తలేదు.

“పిన్నీ, మీ నీళ్లు ఎటు పోతాయి?” తూనీగ గొంతు సన్నగా వచ్చింది.

“ఇప్పుడడుగుతున్నావా?” అంది పిన్ని. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. “రా, చూపిస్తా.”

షాపు వెనక సిమెంటు తొట్టి ఉంది. మిషన్ల నీళ్లు అందులో పడి, తేరుకుని, భూమి లోపలి గొట్టంలోకి పోతాయి. నాన్న అందులో నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించాడు. తూనీగ ముందువైపుకు పరుగెత్తి కాలువలోకి తొంగిచూసింది. ఒక్క చుక్క కూడా రాలేదు.

“మరి ఇదెక్కడిది?” నాన్న కాలువ గోడలో ఉన్న ఒక గొట్టం చూపించాడు. దాని అంచుకు నీలం మరక ఉంది. ఆ గొట్టం లాండ్రీ గోడ పక్కగా, వెనక్కి వెళ్తోంది. వెనక ఉన్నది లైబ్రరీ పెరడు.

నాన్న లైబ్రరీ పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పాడు. తూనీగ కాలువ దగ్గరే నిలబడింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. రాకూడదు, రాకూడదు అనుకుంటోంది.

నీళ్లు వచ్చాయి. గొట్టంలో పేరుకున్న రంగును కడుగుతూ, లేత నీలంగా వచ్చాయి.

అప్పుడు ఆమెకు బుధవారం సాయంత్రం గుర్తొచ్చింది. ఆదివారం కోసం పిల్లలంతా పెరట్లో బ్యానర్లకు రంగులు వేశారు. చీకటి పడకముందే ఇంటికి పోవాలని ఆమెకు తొందర. బ్రష్షులు ముంచిన నీలం బకెట్‌ను కుళాయి కింద గుమ్మరించి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

ఆ రోజు పెరట్లో ఆరుగురు పిల్లలున్నారు. ఎవరు పోశారో ఎవరికీ తెలియదు. ఆమెకు తప్ప.

తూనీగ లైబ్రరీలోకి వెళ్లి బోర్డు మీది కాగితం పీకి, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుంది. అయిపోయిందనుకుంది. పేపరు చదువుతున్న తాతగారు కళ్లజోడు మీంచి చూశాడు.

“తీసేశావేం? ఆ లాండ్రీ ఆవిడ దెబ్బలాడిందా?”

“లేదు తాతయ్యా. అది నిజం కాదు.”

“నిప్పు లేనిదే పొగ రాదులే” అని ఆయన మళ్లీ పేపర్లోకి తలదూర్చాడు.

తూనీగ అక్కడే నిలబడిపోయింది. కాగితం తన జేబులో ఉంది. వార్త మాత్రం ఆ తాతగారి దగ్గరే ఉంది. ఫొటో తీసినావిడ దగ్గర ఉంది. హాస్టల్లో ఉంది.

ఆమె మళ్లీ ఎర్ర పెన్ను తీసింది. ముందు రాసినంత పెద్ద కాగితం తీసుకుంది. అంతే పెద్ద అక్షరాలు రాసింది.

‘కాలువలో నీలం నీళ్లు పోసింది నేను. లాండ్రీ పిన్ని కాదు. లాండ్రీ నీళ్లు ఆ కాలువలోకి రానే రావు. నేను ఎవర్నీ అడగకుండా రాశాను. మేడంకి చూపించకుండా పెట్టాను.’

కింద తన పూర్తి పేరు రాసింది.

మేడం కాగితం చదివి, తూనీగ ముఖంలోకి చూశారు. “ఇకనుంచి రంగు నీళ్లు పాత డబ్బాలో పోసి ఎండబెడదాం. ఆ సంగతీ రాయి. మనందరికీ ఉపయోగం” అన్నారు. “పెట్టేయనా మరి?”

“ఒక్క నిమిషం మేడం. ముందు పిన్నికి చూపించాలి.”

పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, కాగితం రెండుసార్లు చదివింది. “బాగానే రాశావు. కానీ హాస్టల్ వాళ్లు లైబ్రరీకి రారుగా” అంది. కోపంగా అనలేదు. అలసటగా అంది.

తూనీగ కాసేపు చెప్పు కొసతో గచ్చు గీకింది. “నేను వెళ్లి చెప్తాను” అంది.

నాన్న హాస్టల్ గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. తూనీగ ఒక్కతే లోపలికి వెళ్లింది. వార్డెనమ్మ ఎదురుగా నిలబడి, కాగితం చేత్తో పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది. వార్డెనమ్మ ఆ కాగితం తీసుకుని తనూ ఒకసారి చదివింది. తర్వాత, “సోమవారం దుప్పట్లు పంపిస్తామని ఆవిడతో చెప్పు. కాదు, నేనే వెళ్లి చెప్తాలే. ఆవిణ్ని మాటలు నేనూ అన్నాను కదా” అంది.

ఆదివారం పిన్ని వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది. సూదుల డబ్బా తెరిచి, తూనీగ వైపు చూడకుండానే, “దారం ఎక్కించడం వచ్చా?” అని అడిగింది.

“వచ్చు పిన్నీ.”

“అయితే ఎక్కించు. పది సూదులున్నాయి.”

తూనీగ కదలకుండా కూర్చుని పది సూదులకూ దారం ఎక్కించింది. ఆఖరిది అయ్యేసరికి, విరిగిన గొడుగు పట్టుకుని ఒకావిడ ఆమె దగ్గరికి వచ్చింది.

“బోర్డు రాసేది నువ్వేనా పాపా? బేకరీ వాడు వెనక ప్లాస్టిక్ తగలబెడుతున్నాడు. వాసన చూడు ఎలా ఉందో. వెంటనే రాసెయ్.”

నిజంగానే గాలిలో ఘాటైన వాసన ఉంది. తూనీగ పెన్ను మూత తీసింది. కాలు అప్పటికే బోర్డు వైపు పడింది.

ఆగింది. పెన్ను మూత పెట్టి, తన నోటుపుస్తకం చంకలో పెట్టుకుంది.

“బేకరీకి వెళ్లి అడిగొస్తానండీ” అని, వీధిలోకి పరుగెత్తింది.