నాలుగో వరస

పదకొండోసారి కూడా ఎడమ రెక్క విరగలేదు.

తెర మీది యుద్ధవిమానానికి గుండు ముక్కలు తగిలాయి, రేకు చిరిగింది, విమానం వణికింది. అయినా కుంటుకుంటూ వచ్చి రన్‌వే మీద వాలింది. సిమ్యులేటర్ కాక్‌పిట్‌లో కూర్చున్న ఖలీల్ హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఎనిమిదేళ్ల కిందట ఇదే విమానం, ఇదే దెబ్బ. ఆ రోజు రెక్క విరిగింది. అతను పారాచూట్‌తో బయటపడ్డాడు. మెల్లగానే తిప్పానని ఎంత మొత్తుకున్నా, విచారణలో పైలట్ మొరటుగా తిప్పాడని తేల్చి అతన్ని మళ్లీ విమానం నడపనివ్వలేదు.

పాత సిమ్యులేటర్లలో విమానానికి నూరు మార్కుల ప్రాణం ఉండేది. దెబ్బకు పది పోయేవి, సున్నాకి వస్తే కూలేది. డాక్టర్ వకుళ తయారుచేసిన ఈ మెషిన్ అలా కాదు. రెక్కను రెండు లక్షల ముక్కలుగా చూస్తుంది. రేకుల్ని కలిపి బిగించే ఏ రివెట్ మీద గాలి ఎంత బరువు మోపుతోందో, అది ఊడితే ఆ బరువు పక్కదాని మీద ఎంత పడుతుందో లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం మెల్లగా తిప్పితే రెక్క విరగదు. అంటే ఖలీల్ అబద్ధమాడాడన్నమాట. ఆ కేసును మళ్లీ విచారిస్తున్న బోర్డు రేపు చూసేది ఈ ఫలితాన్నే.

"ఖలీల్ బాబు అబద్ధమాడే మనిషి కాదు. నీ మెషినే తప్పు" అన్నాడు పైడయ్య. ప్రమాదానికి ముందు ఆ రెక్క మీది పాత చిరుగుకు అతుకు వేసిన మేస్త్రి ఆయనే.

"తప్పెక్కడో చెప్పండి, మేస్త్రిగారూ. డ్రాయింగ్‌లో ఉన్నట్టే అతుకు చుట్టూ మూడు వరసల రివెట్లు పెట్టాను."

పైడయ్య నవ్వాడు. "చూశావా? నా చేతిపని నీ డ్రాయింగ్‌కేం తెలుసు? నేను వేసింది నాలుగు. నాలుగూ వేసి చూడు, అతుకు ఇనుములా ఉంటుంది."

వకుళ ఆయన వైపు ఒక్క క్షణం చూసి, నాలుగో వరస వేసింది. ఖలీల్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

మెల్లగా తిప్పాడు. అతుకు చెక్కుచెదరలేదు. దాని అంచు వెంబడి రేకు బర్రున చీలి, రెక్క విడిపోయింది.

వకుళ మళ్లీ నడిపించింది. మళ్లీ అక్కడే విరిగింది.

"అతుకు మరీ గట్టిదైపోయింది" అందామె నెమ్మదిగా. "అది వంగదు. అందుకని బరువంతా..."

"తెలుసమ్మా" అన్నాడు పైడయ్య. "పాత పంచెకి కొత్త గుడ్డ మాసిక వేస్తే, మాసిక చిరగదు. దాని పక్కన పంచె చిరుగుతుంది. మా అమ్మ చెప్పేది. రేకుకీ అంతేనని నాకు తోచలేదు." కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"రిపోర్టులో నాలుగో వరస సంగతి రాయాలి" అంది వకుళ. "ఎవరు వేశారో కూడా అడుగుతారు."

"రాయి తల్లీ. ఇంటిపేరుతో సహా రాయి. మిగతా విమానాలకి కూడా అలాగే వేశాను, వాటి నంబర్లు చెప్తాను. ముందు వాటిని ఆపించు."

ఆయన ఒక్కో నంబరూ గుర్తు తెచ్చుకుని చెప్తుంటే ఆమె రాసుకుంది. అప్పటికి ఖలీల్ కాక్‌పిట్ దిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"తిట్టు బాబూ. ఎనిమిదేళ్ల బాకీ."

"డ్రాయింగ్‌లో మూడుంటే నాలుగెందుకు వేశావు, మేస్త్రీ?"

పైడయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. "మిగతావాటికి అలవాటైపోయి వేశాను. మొదట వేసింది నీదానికే. మీ ఆవిడకి నెలలు నిండాయని హ్యాంగర్‌లో అనుకున్నారు. మూడు వరసలతో నిన్ను పైకి పంపడానికి మనసొప్పలేదు."

ఎవరో ఒకరి మీద విసరాలని ఖలీల్ ఎనిమిదేళ్లుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఈ ముసలాయనకు సరిపోలేదు.