పెద్దకోడలు మింగేసిన మాట

"ఏమొచ్చిందే వీటికి! మొన్న తెచ్చిన పూలు ఇవాళే ఇలా మొహాలు వేలాడేశాయేంటే!"

చల్లగదిలోంచి అత్తగారి కేక వినగానే, పూల దుకాణం వెనక బకెట్లు తోముతున్న పెద్దకోడలి చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. ఏమొచ్చిందో ఆమెకు తెలుసు... చూడకుండానే తెలుసు!

మధ్యాహ్నానికి పెళ్ళివేదిక ఎక్కాల్సిన కార్నేషన్లు! విచ్చుకోవాల్సిన రేకులు లోపలికి ముడుచుకుపోయి, తలలు వాల్చేశాయి.

ఈ ఇంటి కోడలైన నాటినుంచీ దుకాణంలో పూలను బతికిస్తున్నది ఆమే. కాడ ఏటవాలుగా కోయడం, నీళ్ళలో మునిగే ఆకులు దూసెయ్యడం, తాగే గ్లాసును తోమినట్టు బకెట్టు తోమడం... అన్నీ ఆమే! కానీ వచ్చినవాళ్ళు అడిగేదెవరిని? నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన తోడికోడలిని! "మీ చిన్నకోడలు కట్టిచ్చిన గుత్తి వారమైనా వాడలేదండీ" అంటారు. "దాని చెయ్యి అలాంటిది!" అని అత్తగారు మురిసిపోతుంది. సొమ్మొకడిది, సోకొకడిది! పైగా, "ఈ పెళ్ళి గట్టెక్కితే చల్లగది పెత్తనం కూడా చిన్నదానికే ఇచ్చేస్తా" అంది. ఆ మాట విన్నప్పటినుంచి పెద్దకోడలికి తిన్నది ఒంటబట్టలేదు.

మొన్న సాయంత్రం, బాగా మగ్గిన అరటిపళ్ళ బుట్టను చిన్నకోడలు సరిగ్గా కార్నేషన్ల పక్కనే పెట్టడం ఆమె చూసింది. మగ్గిన పళ్ళ గాలి సోకితే పువ్వుకు ముందే ముసలితనం వస్తుంది. "తియ్యవే చెల్లీ" అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది... మింగేసింది! 'చూద్దాం, ఆ చేతి మహిమేంటో!' అనుకుంది.

ఇప్పుడు అత్తగారు ఆమెమీదికే వచ్చింది. "నీళ్ళు మార్చావా లేదా? చిన్నదానిమీద కుళ్ళు పూలమీద చూపించావా?"

"అక్కనేం అనకండత్తయ్యా!" చిన్నకోడలు పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "తప్పు నాదే... పళ్ళు నేనే పెట్టాను. పూల దగ్గర పెట్టకూడదని ఇందాకే పక్కకొట్టాయన చెప్పాడు."

"చల్లగదిలో పళ్ళెందుకే? పూలకు ఫలహారమా?"

"అక్క పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చేస్తుంది కదా... ఎండెక్కేదాకా ఏమీ తినదు. ఇంట్లో పెడితే మామయ్యగారు తొక్కలు కూడా మిగల్చరు. అందుకని ఇక్కడ దాచాను... పెళ్ళి హడావిడిలో చెప్పడమే మరిచాను."

పెద్దకోడలు చల్లగదివైపు చూసింది. తన కడుపుకోసమా ఆ పళ్ళు! నోరు మూసుకుంటే గెలుపు తనదే. కానీ ఆ నోరే పెగిలింది.

"నేను చూశాను, చెల్లీ... నువ్వు పెడుతుంటే చూశాను. పూలు పాడవుతాయని తెలిసే... ఊరుకున్నాను!"

అత్తగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది. చిన్నకోడలు పెద్దకోడలివైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నాతో చెప్పడానికి అంత కష్టమైందా అక్కా?"

చిన్నది చీరచెంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు గట్టిగా ఏడవాలనుంది. కానీ పెళ్ళికూతురు మన ఏడుపుకోసం ఆగదు. ముందు ఏవి బతికున్నాయో చెప్పు."

"చామంతులు... వాటికి పళ్ళగాలి అంతగా అంటదు."

"అయితే అన్నీ చామంతులే!"

పెద్దకోడలు కాడలు కోసి అందించింది, చిన్నది అల్లింది, అత్తగారు దారం తెంపింది. ముగ్గురూ పనికి కావలసినంతే మాట్లాడుకున్నారు. వేళకు వేదిక నిండుగా పచ్చగా లేచింది. "ఎంత బావుందో! ఎవరిదమ్మా ఈ చెయ్యి?" అంది పెళ్ళికూతురి తల్లి, చిన్నదానివైపే చూస్తూ. అంత జరిగినా పెద్దకోడలి గుండెలో చురుక్కుమంది! ఛీ, ఈ పాడు మనసు చావదేమో...

"అల్లింది చిన్నది. మా కొట్లో పూలను ఇంతకాలం బతికించింది మా పెద్దది. ఆ మాట నేనెప్పుడూ చెప్పలేదు, ఆ తప్పు నాది" అంది అత్తగారు.

ఆ మాటకోసం పెద్దకోడలు ఎన్నేళ్ళు ఎదురుచూసిందో! తీరా వచ్చాక, తలెత్తి అందుకోలేకపోయింది.

సాయంత్రం షట్టరు దించగానే చిన్నకోడలు బోర్లించిన బకెట్టుమీద కూర్చుని భోరుమంది. పెద్దకోడలు ఆమె కాళ్ళ దగ్గర నేలమీద చతికిలబడింది.

"తిట్టవే... రెండు దెబ్బలైనా వెయ్యి!"

"నువ్వు మాట్లాడకు. నన్ను ఏడవనీ" అంటూనే అక్క చెయ్యి లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని పగిలిన వేళ్ళవి. ఆ పగుళ్ళలోకి ఉప్పటి కన్నీళ్ళు దిగి భగ్గున మండాయి. పెద్దకోడలు పళ్ళు బిగబట్టుకుంది... చెయ్యి మాత్రం వెనక్కు తీసుకోలేదు.