దూప మోరీ కాడ నాలుగో ఊపు

ముందు నువ్వు చెప్పు — ఏం చూసినవ్?

చంద్లాపూర్ నుంచి సిద్దిపేటకు వచ్చే తొవ్వల, కాలువ పక్కపొంటి, దూప మోరీ — గా చిన్న కల్వర్టు — దాటినవ్ కదా. పొద్దుగూకినంక దాటినవ్. వాన లేదు, అద్దం మీద చుక్క నీరు లేదు. అయినా నీ కారు వైపర్ తనంత తనే లేచి, తుడిచి పండుకొని, మళ్ల మళ్ల లేచిందంటున్నవ్... అవునా, కాదా? అప్పుడు రోడ్డు పక్కన ఏమన్న కనబడ్డదా?

దాచకు. ఆ జాగల దాచినోళ్లకే ముప్పు.

ఆ మోరీ పేరు చెడి రెండేండ్లయితంది. ఇప్పుడు ఆటోలోళ్లు, పాలోళ్లు, కూరగాయలు తెచ్చేటోళ్లు — మోరీ కాడికి రాంగనే సీసా మూత తీసి, పక్కనున్న గుంతల ఇన్ని నీళ్లు ఒంపి పోతరు. "తాగు అవ్వా" అని మనసుల అనుకుంటరు. పొయ్యకుండ పోయినోనికి ఇంట్ల కుండెడు నీళ్లు తాగినా దూప తీరదంటరు.

ఎందుకంటే కొమురవ్వ అక్కడ దూపతోనే పోయింది.

కొమురవ్వ రంగనాయక సాగర్ కట్ట మీద మక్కకంకులు కాల్చి అమ్మేది. ఆ రోజు వాన పట్టింది. జనం లేచిపోయిన్రు. మిగిలిన కంకులు గంపల ఎత్తుకొని, నడుసుకుంట ఇంటికి బయలెల్లింది. మోరీ కాడ ఎనుక నుంచి వచ్చిన తెల్ల కారు గుద్దింది. మనిషి అద్దం మీద పడి, అక్కడి నుంచి గుంతల పడ్డది.

చూసినోడు ఒక్కడే. గొర్ల కాపరి బాలనర్సయ్య. కానీ ఆయన కాలువ అవతలి గట్టు మీద ఉన్నడు. కాలువ నిండ నీళ్లు. వంతెన మీదికెల్లి చుట్టు తిరిగి రావాలె. అరిచిండు... వాన సన్నగైంది గానీ, కాలువ హోరుల ఆయన గొంతు ఆయనకే వినబడలేదు.

"కారు ఆగింది బిడ్డా," అని తర్వాత పోలీసులకు చెప్పిండు. "ఆగి, దిగలేదు. కింది నుంచి అద్దం మీదికి నీళ్లు చిమ్మినయి. అద్దం తుడిచే ఆ చీపుర్లు మూడు సార్లు ఊగినయి. ఆగినయి. కారు కదులుతుంటే... ఇంకొక్కసారి ఊగినయి."

పోలీసు నవ్విండు. "నంబరు చూడలేదు గానీ, చీపురు ఊపులు లెక్కబెట్టినవా తాతా?"

"గొర్లోన్ని సారూ. కదిలిందల్ల లెక్కబెడుత. తర్వాత ఆ మోరీ మీదికెల్లి ఏడు బండ్లు పోయినయి. గది గూడ లెక్కబెట్టిన. ఒక్కటి ఆగలేదు."

ఆయన చుట్టు తిరిగి వచ్చేసరికి కొమురవ్వల ఇంకా పానం ఉన్నది. "దూప..." అన్నది. ఆయన నీళ్ల తోలు సంచి మూత విప్పేలోపలనే కండ్లు తేలేసింది.

అద్దం కడుక్కునే తందుకు నీళ్లున్నయి వానికి. మనిషి గొంతుల పోసే తందుకు లేవు! థూ... గసొంటి బతుకు మీద మన్ను పొయ్య.

కొమురవ్వకు ముందూ ఎనుకా ఉన్నోడు తమ్ముడు ఒక్కడే — పర్శరాములు. భివండిల మగ్గాల చప్పుడుల పదేండ్లు పనిచేసి వచ్చి, సిద్దిపేటల కార్ల కరెంటు పని నేర్చుకొని, చిన్న షెడ్డు పెట్టుకుండు. అక్క పోయిన కాడికెల్లి వాని కడుపుల ఒక్కటే మంట. ఆ తెల్ల కారోడు దొరకాలె. దొరికిన నాడు వాన్ని ఆ గుంతలనే పండవెట్టాలె.

కానీ ఆ సాయంత్రం నువ్వు ఏడున్నవని ఎవరన్న అడిగితే మాత్రం — తల దించుకొని పానా తుడుసుకునేటోడు.

రెండేండ్లు గడిచినయి. మళ్ల వానకాలం వచ్చింది. ఒకరోజు మాపటి జాముల షెడ్డు ముందర ఒక తెల్ల కారు ఆగింది.

దిగినాయన పేరు రాజేంద్రప్రసాద్. ప్లాట్ల వ్యాపారం. చంద్లాపూర్ దిక్కు ఆయనకు వెంచర్ ఉన్నది. పర్శరాములు ఎవరి తమ్ముడో ఆయనకు తెల్వది.

"ఏమయ్యా, వైపర్ల పని నీకంటే తెలిసినోడు లేడంటున్నరు. నా బండికేదో పట్టుకున్నది. ఆ దూప మోరీ కాడికి పోంగనే వైపర్ దానంతదే లేస్తది. వాన లేకున్నా సరే."

"సెన్సర్ బండి గదా సార్. ఉంటది."

"అది సరే. నీళ్లు గూడ చిమ్ముతది. నేను చెయ్యి పెట్టను. నింపిన నీళ్ల డబ్బా ఆ ఒక్క జాగలనే ఖాళీ అయితది. షోరూములనేమో ఏం లేదని పంపిన్రు."

"మోరీ కాడ నీళ్లు పోసి పోతున్నరా సార్?"

"నేనా? గా మూఢనమ్మకాలు నాకు లేవు. పని చూడు."

పర్శరాములు స్టీరింగ్ పక్కనున్న కాడను వేలితో తట్టిండు.

"ఎనుకటి బండ్లల్ల ఈ కాడ కదిపితే సీదా మోటరు తిరిగేది సార్. ఇప్పుడట్ల కాదు. మీరు కాడతోని అడుగుతరు. లోపల ఒక కంప్యూటర్ డబ్బా ఉంటది. అది వింటది, ఎప్పుడు తిప్పాల్నో, ఎంత జోరుగ తిప్పాల్నో అది చెప్తది. ఆపుమంటే గూడ నడిమిట్ల ఆపది. బ్లేడు కిందికొచ్చి దాని జాగల పండుకున్నదని తెలిసినంకనే మోటరును బంద్ చేస్తది."

"మరి వాన లేకుంటే ఎందుకు లేస్తుంది?"

"గీడ చూడున్రి." ఎనుకొచ్చే బండ్లను చూసే అద్దం ఎనుక, ముందటి అద్దానికి అతికిచ్చిన నల్ల బిళ్లను చూపిచ్చిండు. "గిది బండికి కన్ను. మనకు కనబడని వెలుగును అద్దంలకు పంపుతది. అద్దం పొడిగ ఉంటే పంపిన వెలుగంత తిరిగొస్తది. చుక్క పడ్డ కాడ కొంత వెలుగు బయటికి జారిపోతది. ఎంత తక్కువొస్తే అంత వాన అని లెక్క."

బిళ్లను మెల్లగ పీకి చూసిండు. కన్నుకూ అద్దానికీ నడుమ మెత్తటి జెల్లీ ముక్క ఉండాలె. ఉన్నది. కానీ నలిగి, లోపల గాలి బుడగ పట్టి ఉన్నది.

"దొరికింది సార్. అద్దం మార్చినప్పుడు కొత్త జెల్లీ పెట్టాలె. మీకెవరో పాతదే అతికిచ్చిన్రు. మోరీ కాడ గతుకుకు బుడగ కదులుతది, కన్ను దాన్ని నీటిచుక్క అనుకుంటది. దెయ్యం లేదు, ఏం లేదు."

రాజేంద్రప్రసాద్ మొఖం తేటపడ్డది. "నేను చెప్పలే!"

"అద్దం ఎందుకు మార్చిన్రు సార్?"

"కోతి దుంకి పలిగింది. రెండేండ్ల కింద... వానకాలంల."

పర్శరాములు చేతుల పానా ఆగింది. తల ఎత్తలేదు. స్కానర్ తగిలిచ్చి చూసిండు. వైపర్‌కు కారణం దొరికింది గానీ, నీళ్లకు దొరకలేదు. కన్ను చెప్తే వైపర్ లేస్తది, నీళ్లు చిమ్మవు. నీళ్లకైతే మనిషే కాడను లాగాల్సిందే. కాడను లాగినట్టు కంప్యూటర్ డబ్బాల జాడ లేదు. పంపు తిరిగినట్టు లేదు. అయినా నీళ్ల డబ్బా ఖాళీ.

ఇన్ని నీళ్లు పోసి, కాడను తన దిక్కు లాగిండు.

సుర్రుమని నీళ్లు చిమ్మినయి. వైపర్ ఊగింది — ఒకటి... రెండు... మూడు. పండుకున్నది.

పర్శరాములు కాడ మీదికెల్లి చెయ్యి తీసిండు.

కొంచెమాగి, అద్దం పైనుంచి జారిన చుక్కలను తుడిచే తందుకు... ఇంకొక్కసారి లేచింది. నాలుగు.

అట్ల ఊగే బండ్లు మస్తుగుంటయి. కొన్ని కంపెనీలోళ్లు కంప్యూటర్ డబ్బాకు అట్లనే నేర్పుతరు. గది పర్శరాములుకు తెలుసు. అందుకే బానెట్ లేపి, వైపర్ల కింద చెత్త పేరుకునే ప్లాస్టిక్ తొట్టిని విప్పిండు. ఎండిన ఆకులు, మన్ను... దాని అడుగున మక్క పొట్టు. పొట్టుల చిక్కుకొని, గోరంత ఆకుపచ్చ చేతిగాజు ముక్క.

అక్క గాజు. ఆమె చేతులకు ఎప్పుడూ గదే రంగు గాజులు.

మూలకు జరిగి పిడికిట్ల పట్టుకుండు. పిడికిలి నుంచి నెత్తురు కారేదాక పట్టుకుండు.

"ఏమైందయ్యా?" అన్నడు రాజేంద్రప్రసాద్ ఫోన్ చూసుకుంట.

"పంపు పోయింది సార్. తీసేస్తున్న." నీళ్ల డబ్బా మొత్తం వంపి, కింద చిన్న పంపును పీకి అంగీ జేబుల వేసుకుండు. పెద్ద పానాను ప్యాంటు జేబుల వేసుకుండు. "ఆ మోరీ దాక పోయొద్దాం. బండి నేను నడుపుత. మీరు పక్కకు కూసోన్రి. ఆడ చూస్తేనే రోగం తెలుస్తది."

దారిలనే చీకటి పడ్డది. మోరీ ఇంకింత దూరముందనంగ సన్నగ తుంపర మొదలైంది.

మోరీ మీద బండి ఆపిండు పర్శరాములు. మనుషుల అలికిడి లేదు. కాలువల నీళ్లు మాత్రం గునుసుకుంట పోతున్నయి.

దిగి, బానెట్ లేపి, వైపర్ ఫ్యూజు పీకి, అదీ జేబుల వేసుకుండు. అద్దం కడుక్కొని పోయినోడు ఇయ్యాల మబ్బు అద్దం ముందర కూసోవాలె. ఏడికి పారిపోవాల్నో కనబడొద్దు.

మళ్ల ఎక్కి, తలుపులు లాక్ చేసిండు. టక్కుమన్నది.

"ఇదేందయ్యా? ఎందుకు లాక్—"

"సార్," అన్నడు పర్శరాములు గొంతు తగ్గిచ్చి. "కోతి... చీర కట్టుకొని ఉండెనా?"

రాజేంద్రప్రసాద్ తలుపు పిడిని గుంజిండు.

"దాని నెత్తి మీద గంప ఉండెనా?"

పానా బయటికి తీసి ఒళ్లె పెట్టుకుండు. పిడికిలి తెరిచి గాజు ముక్కను డాష్‌బోర్డు మీద పెట్టిండు.

అప్పుడు...

అద్దం కింది నుంచి నీళ్లు లేచినయి. డబ్బాల చుక్క లేదు. పంపు పర్శరాములు జేబుల ఉన్నది. అయినా లేచినయి — సన్నగ, రెండు ధారలు, ఎవరో దోసిలి ఎత్తినట్టు. ఉత్త నీళ్లు కాదు... వాటికి పొగసూరిన మక్కకంకి వాసన.

వైపర్ కదిలింది. ఫ్యూజు లేని వైపర్.

ఒకటి...

రెండు...

మూడు.

పండుకున్నది.

"ఆగిన!" రాజేంద్రప్రసాద్ ఒక్కసారి గొల్లుమన్నడు. "ఆగిన నేను... చూసిన! బతికే ఉన్నది, చెయ్యి లేపింది. నీళ్లు అడిగింది. సీసా నా పక్కనే ఉన్నది... నెత్తురుకు అద్దం కనబడలే. కడుక్కొని పోయిన. నన్నేం చెయ్యకున్రి!"

రెండేండ్ల మంట పర్శరాములు చేతులకు వచ్చింది. పానా లేపిండు. "నా అక్కరా! నీళ్లడిగిన మనిషిని ఇడిచిపెట్టి పోతవురా లం—"

అప్పుడు నాలుగో ఊపు లేచింది.

లేచింది గానీ, పూర్తి కాలేదు. నడిమిట్ల ఎప్పుడూ ఆగని వైపర్, నడిమిట్ల ఆగింది. నిట్టనిలువుగ. పర్శరాములు మొఖానికి సూటిగ. సాక్షి వేలు చూపెట్టినట్టు.

తుడిసిన ఆ జానెడు అద్దంల నుంచి, లైట్ల వెలుగుల, గుంత ఒడ్డు కనబడ్డది.

గడ్డిల నుంచి ఒక చెయ్యి లేచి ఉన్నది.

పర్శరాములుకు ఆ చెయ్యి కొత్త కాదు.

రెండేండ్ల కింద, అదే సాయంత్రం, ఒక గిరాకీ కారు వైపర్ బాగు చేసి, వానల టెస్ట్ చేసుకుంట ఇదే మోరీ మీదికెల్లి వచ్చిండు. చూపంత బ్లేడు మీదనే. నీరు గీతలు పడుతున్నదా లేదా అన్న ధ్యాసనే. బ్లేడు పక్కకు జరిగినప్పుడు గుంత ఒడ్డున చెయ్యి కనబడ్డది. ఎవడో తాగుబోతు అనుకుండు. బ్లేడు మళ్ల వచ్చి తుడిసింది. బండి దాటిపోయింది.

తెల్లారి అక్క పీనుగును చూసినంక గానీ తెలువలేదు, ఆ చెయ్యి ఎవరిదో.

బాలనర్సయ్య లెక్కవెట్టిన ఏడు బండ్లల్ల ఒకటి వానిది.

బండి లోపల, చెవి పక్కన, సన్నటి గొంతు...

"తమ్మీ... దూప..."

పానా చేతుల నుంచి జారింది.

ఆ రాత్రి ఇద్దరూ నీళ్ల సీసాలు పట్టుకొని గుంతలకు దిగి, ఆమె పడ్డ జాగల ఒంపిన్రు. తర్వాత ఇద్దరూ కలిసే ఠాణాకు పోయిన్రు. "ఇద్దరి పేర్లు రాసుకోన్రి సార్," అన్నడట పర్శరాములు. చట్టం ఒక్కని పేరే రాసుకున్నది. రాజేంద్రప్రసాద్ ఇప్పుడు జైల్ల ఉన్నడు. ఎన్ని నీళ్లు తాగినా గొంతు తడువదట. నీళ్లల్ల పొగసూరిన మక్కకంకి వాసన వస్తదని ఉమ్మేస్తడట. మంచిగైంది!

పర్శరాములు షెడ్డుల గోడ మొలకు ఆ పంపు వేలాడుతున్నది, పక్కన ఫ్యూజు. నమ్మనోళ్లు పోయి చూడొచ్చు. ఆయన రోజూ పొద్దుగూకంగ బిందెడు నీళ్లు మోసుకుపోయి మోరీ కాడ పోసొస్తడు.

కానీ ఆమె దూప తీరలేదు. గుద్దినోడు దొరికిండు. తమ్ముడు ఒప్పుకుండు. ఏడు బండ్లల్ల ఇంకా ఆరు మిగిలినయి. అందుకే ఆ తొవ్వల పోయే ప్రతి అద్దాన్నీ ఆమె ఒక్కసారి తుడిచి, లోపల ఎవరున్నరో చూస్తది. వేరేటోళ్లను చూసి ఇడిచిపెడుతది. నీ అద్దాన్ని మాత్రం మళ్ల మళ్ల తుడుస్తుందని నువ్వే అంటున్నవ్.

రెండేండ్ల కింద, ఆ వానల, నువ్వు గూడ అదే తొవ్వల వచ్చినవ్ కదా... ఇప్పుడు చెప్పు — గుంత ఒడ్డున లేచిన ఆ చెయ్యిని నువ్వు చూసినవా, లేదా?